ఫ్యామిలీ సెక్షన్ కలదు

మన చిన్న పట్నాల్లో 'ఫ్యామిలీ' అన్న మాటకి అర్థం కుటుంబం కాదు. "ఫ్యామిలీతో వచ్చారా సార్?" అని లాడ్జీ గుమాస్తా అడిగినా, "ఫ్యామిలీని ఊరికి పంపించాను" అని ఆఫీసులో పక్క సీటాయన చెప్పినా ఫ్యామిలీ అంటే ఆడమనిషి. భార్య అనడానికి నోరు రాక, పేరు చెప్పడానికి మొహమాటపడి మగవాళ్లు తెచ్చిపెట్టుకున్న మాట. ముగ్గురు అన్నదమ్ములు కలిసి హోటలుకొస్తే వాళ్లు ఫ్యామిలీ కారు, కస్టమర్లు. వాళ్ల పక్కన ఒక చీరో చుడీదారో కనపడితే అప్పుడు ఫ్యామిలీ అవుతారు. అప్పట్నించీ వాళ్లకి వేరే దారి, వేరే గది, వేరే గొంతు.

ఈ మాటకి తిరుగుడు అర్థం కూడా ఒకటుందని నాకు కావలిలో ఒక బార్ అండ్ రెస్టారెంట్‌లో తెలిసింది. ఆ సంగతి చెప్పాలంటే ముందు మేం అక్కడికి ఎందుకు వెళ్లామో చెప్పాలి.

మా అమ్మది నెల్లూరు జిల్లా కలిగిరి పక్కన ఒక ఊరు. దూబగుంట కూడా ఆ కలిగిరి మండలంలోదే. 1992లో సారా వ్యతిరేక ఉద్యమం అంటే ఇప్పటి పిల్లలకి పాఠంలో నాలుగు వాక్యాలు. మా అమ్మకి అది ఇంటి ముందు జరిగిన విషయం. అప్పుడు అమ్మకి ముప్పై ఆరేళ్లు. అక్షరాస్యతా ఉద్యమం రాత్రిబడిలో లాంతరు ముందు కూర్చుని 'అ'లు దిద్దిన ఆడవాళ్లలో ఆమె ఒకతె. చీపురు, కారం పొడి పట్టుకుని సారా కొట్టు ముందు నిలబడ్డ వాళ్లలోనూ ఉంది. వేలం పాటలు ఆగిపోవడం, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం, 1994 డిసెంబరులో రామారావు ప్రమాణ స్వీకారం రోజునే మద్యనిషేధం ఫైలు మీద సంతకం పెట్టడం, 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ నిషేధం, 1997లో దాన్ని సడలించి మళ్లీ షాపులు తెరవడం, ఇదంతా మనందరికీ తెలిసిన వరసే. ఎనభైల్లో 'వారుణి వాహిని' పేరుతో సారాని ప్యాకెట్లలో పోసి ఊరూరికీ చేర్చింది కూడా రామారావు ప్రభుత్వమేనని అమ్మ ఎప్పుడూ మర్చిపోదు. "పోసినోడే మూత పెట్టినాడు, మూత పెట్టినోడి అల్లుడు తీసినాడు" అంటుంది.

కాబట్టి పోయిన సంక్రాంతికి ముక్కనుమ నాడు, "బారుకి పోయి తిందాం" అని మా తమ్ముడు అన్నప్పుడు ఇంట్లో ఎవరూ అమ్మ మొహం వైపు చూడలేదు. అసలు ఆ మాట ఎత్తింది తమ్ముడు కాదు, మా మరదలు. భోగి నుంచి మూడు రోజులుగా పొయ్యి దగ్గరే ఉంది. అరిసెలు, గారెలు, కనుమకి నాటుకోడి, వచ్చే వాళ్లకి కాఫీలు. నాలుగో రోజు మధ్యాహ్నం గిన్నెలన్నీ బోర్లించి, "వదినా, ఈ రాత్రికి నేను పొయ్యి ముట్టించను. ఏం చేస్తారో చేసుకోండి" అంది. పెసరట్టు హోటళ్లకి పండగ సెలవులు. ఏసీ ఉండి, కూర్చోడానికి చోటుండి, రొయ్యల వేపుడు బాగా చేసేది ఆ బారు ఒక్కటే అని తమ్ముడు తేల్చాడు. "ఫ్యామిలీ సెక్షన్ వేరే ఉంటదిలే, ఆడోళ్లకేం ఇబ్బంది ఉండదు. అమ్మకి మాత్రం ఇంటికి పార్సిల్ తెస్తా" అన్నాడు.

అమ్మ లేచి కాళ్లు కడుక్కుంది. పండక్కి మా అమ్మాయి తెచ్చిన చీర కట్టుకుంది. "తినేదానికే గదా. నేనూ వస్తా" అంది.

బారు లైసెన్సు కావాలంటే రెస్టారెంటు నడపాలి. అందుకే మన దగ్గర బోర్డు మీద రెండు మాటలూ జంటగా ఉంటాయి. ఆ రెండో మాట పుణ్యమా అని చిన్న ఊళ్లలో మాంసం కూర, ఏసీ, గుడ్డ నేప్‌కిన్ అన్నీ బారులోనే దొరుకుతాయి. మగవాళ్లకి అది ఎప్పట్నించో తెలిసిన రుచి. 'మంచింగ్' అనే పేరుతో అపోలో ఫిష్, చిల్లీ చికెన్, పెప్పర్ రొయ్యలు వాళ్ల సాయంత్రాల్లోకి ఎప్పుడో వచ్చేశాయి. ఆడవాళ్లకి ఆ వంటకాల పేర్లు భర్త చొక్కాకి అంటిన మసాలా వాసనగానే తెలుసు. ఇప్పుడు ఊళ్లలో చేతిలో నాలుగు డబ్బులాడే ఇళ్ల ఆడవాళ్లు కూడా బయట తింటున్నారు కనక, ఆ బేరం వదులుకోవడం ఇష్టం లేక బారు వాళ్లు పక్కన గోడ పెట్టి 'ఫ్యామిలీ సెక్షన్ కలదు' అని రాశారు. అమ్మ ఆ బోర్డు కూడబలుక్కుని పైకే చదివింది. వేరుగా చదవడం ఆమెకి రాదు, రాత్రిబడిలో అలాగే నేర్పారు. "క-ల-దు" అని చదివి, "కలదంట" అంది.

ముందు తలుపు నుంచి మమ్మల్ని పోనివ్వలేదు. వాచ్‌మన్ చెయ్యి చూపించాడు. జనరేటరు పక్కనుంచి సందు, ఖాళీ సీసాల పెట్టెలు పేర్చిన గోడ, వంటగది వెనక తలుపు, ఎడమ పక్క మెట్లు. వచ్చిన అయిదుగురు పెద్దవాళ్లలో ముగ్గురం ఆడవాళ్లం, మా అమ్మాయి నాలుగో ఆడమనిషి. మా కోసం కట్టిన దారి మాత్రం సరుకు దించే దారి. పైన ప్లైవుడ్ చెక్కలతో ఆరు గూళ్లు. ఒక్కో గూటికి ముదురు ఎరుపు కర్టెన్. కిటికీ లేదు. సర్వర్ కుర్రాడు మేం కూర్చోగానే కర్టెన్ లాగేశాడు. నేను తీశాను. నీళ్లు తెచ్చినప్పుడు మళ్లీ లాగాడు. నేను మళ్లీ తీశాను. మూడోసారి మా మరదలు నా చెయ్యి పట్టుకుంది.

"ఉండనీ వదినా. మీకు తెర తీసెయ్యాలని ఉంది. నాకు తెర దొరికింది గదా అని ఉంది" అంది.

ఆ మాట మీద కొంచెంసేపు ఆగాలి. మనం పబ్లిక్ స్థలాల గురించి చాలా రాసుకున్నాం. పనీ పాటా లేకుండా వీధిలో ఊరికే నిలబడే హక్కు కూడా హక్కేనని శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రనడే 2011లో ముంబయి గురించి రాసిన పుస్తకం 'వై లాయిటర్?' నేను క్లాసులో చెప్తుంటాను. తెర అంటే నాకు ఊపిరాడదు. నా మరదలు అదే ఊళ్లో కాపురం చేస్తుంది, నేను రెండు రోజుల్లో హైదరాబాదు బస్సెక్కేస్తాను. కర్టెన్ తీసి కూర్చుంటే రేపు పిల్లాడి బడి దగ్గర, కూరగాయల బండి దగ్గర సమాధానం చెప్పుకోవాల్సింది ఆమె. పైగా ఆ తెర వెనక ఆమె ఏం చేసిందో నేను చూశాను. కాళ్లు పైకి మడుచుకుని బాసిపట్ట వేసి కూర్చుంది. ఎముక నోట్లో పెట్టుకుని మూలుగ చప్పుడయ్యేలా పీల్చింది. ఇంట్లో మామగారు బతికున్నన్నాళ్లూ ఆమె అందరికీ వడ్డించి, చివర్లో వంటింట్లో నిలబడి తిన్న మనిషి. ప్లేట్లో ముక్క ఏరుకుని తినడానికి ఆమెకి నాలుగు గోడలు కావాల్సి వచ్చింది. ఆ గోడలు ఇంట్లో దొరకలేదు, బారులో దొరికాయి. దీన్ని ఏ సిద్ధాంతంలో పెట్టాలో నాకింకా తేలలేదు.

మెనూ కార్డు సంగతి. ముందు ఆరు పేజీలు మద్యం, ఆ తర్వాత తిండి. సర్వర్ మగవాళ్లకి కార్డు మామూలుగా ఇచ్చాడు. మాకు మాత్రం వెనక పేజీలు తెరిచి పట్టుకుని ఇచ్చాడు. మా అమ్మాయి మొదటికి తిప్పింది. వాడు మర్యాదగా, "ఫుడ్ ఇక్కడ మేడమ్" అని మళ్లీ వెనక్కి తిప్పాడు. మా అమ్మాయికి నవ్వాగలేదు. హైదరాబాదులో పబ్బుల దగ్గర దీనికి తలకిందులుగా ఉంటుందని చెప్పింది. అక్కడ మగవాళ్లు ఒంటరిగా వస్తే రానివ్వరట, పక్కన అమ్మాయి ఉండాలట. వారంలో ఒక రాత్రి ఆడవాళ్లకి ఉచితమట. ఆడపిల్లల్ని చూసి మగవాళ్లు వస్తారన్న లెక్క. కావలిలో మమ్మల్ని దాచిపెడుతున్నారు, అక్కడ ముందు నిలబెడుతున్నారు. రెండు చోట్లా బిల్లు కట్టే మనిషి మనం కాదనే వాళ్ల నమ్మకం.

భోజనం మధ్యలో మా తమ్ముడు రెండుసార్లు "ఫోను మాట్లాడొస్తా" అని కిందికి వెళ్లాడు. రెండోసారి మా ఆయన కూడా తోడు వెళ్లాడు. తల్లి ముందు తాగకపోవడం మన ఇళ్లలో పెద్ద సంస్కారం. మూడోసారి తమ్ముడు కుర్చీ జరపగానే అమ్మ తలెత్తకుండానే, "అబ్బయా, అన్నం చల్లారిపోద్ది. ఆ ఫోనేదో ఈడనే మాట్లాడు" అంది. వాడు కూలబడ్డాడు. మా అమ్మాయి పొలమారి నీళ్లు తాగింది.

రొయ్యల వేపుడు వచ్చింది. అమ్మ ఒక రొయ్య నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలింది. తర్వాత చెప్పిన మాట నేను అంతకు ముందు ఆమె నోట ఎప్పుడూ వినలేదు. సారా ఉద్యమం గురించి అమ్మని ఎన్నోసార్లు అడిగాను. దెబ్బల గురించి, తాకట్టు పెట్టిన కమ్మల గురించి, కొట్టు ముందు కూర్చున్న రాత్రుల గురించి చెప్పింది. ఇది చెప్పలేదు.

"ఆ సారా కొట్టు పక్కన బోటి కూర, గుగ్గిళ్లు, వేపిన చేపలు అమ్మేవోళ్లు. సాయంత్రమయితే ఆ వాసన మన ఇంటి దాకా వచ్చేది. ఇంట్లో మీకు సంకటి, గోంగూర. మీ నాయన కడుపునిండా తిని వచ్చేవోడు. తాగొచ్చినందుకు కాదు మే, తినొచ్చినందుకు నాకు ఎక్కువ మండేది."

బల్ల దగ్గర ఎవరూ మాట్లాడలేదు. తమ్ముడు ప్లేటు వైపు చూస్తూ ఉండిపోయాడు. అమ్మ మాత్రం ఇంకో రొయ్య తీసుకుంది.

ఆ ఉద్యమం మీద మన వాళ్లు రాసిన వాటిల్లో మంచివి ఉన్నాయి. 1993లో 'అన్వేషి' బృందం రాసిన వ్యాసం ఉంది. సూసీ తారు, తేజస్విని నిరంజన 1994లో జెండర్ సిద్ధాంతం సమస్యల మీద రాసిన వ్యాసంలో, పత్రికలు నెల్లూరు ఆడవాళ్లని ఎలా పురాణ స్త్రీలుగా, దుర్గలుగా నిలబెట్టాయో, దాంతో వాళ్లు అడిగిన అసలు ప్రశ్నలు ఎలా పక్కకి పోయాయో చూపించారు. దుర్గకి ఆకలి ఉండదు కదా. తాగుబోతు మొగుడు, తన్నులు తినే పెళ్లాం అన్న బొమ్మలో తిండి ప్రసక్తి రాదు. కూలి డబ్బుల్లో వాటా, పిల్లల కంచంలో ముక్క, సాయంత్రం పూట ఊళ్లో మగవాళ్లందరూ కూర్చుని తినే ఒక చోటు ఉండి ఆడవాళ్లకి అట్లాంటిది ఒక్కటీ లేకపోవడం, ఇవన్నీ 'మద్యపాన సమస్య' అన్న పెద్ద మాట కింద నలిగిపోయాయి. 2009 జనవరిలో మంగళూరు పబ్బులో అమ్మాయిల్ని కొట్టినప్పుడు టీవీల్లో చర్చ అంతా 'తాగే హక్కు', 'మన సంస్కృతి' అని రెండు జట్లుగా సాగింది. అప్పుడొక పత్రికాయన నెల్లూరు ఆడవాళ్లు సారాని తరిమారు, ఈ కాలం పిల్లలు పబ్బులకి పోతున్నారు అని పోలిక తెచ్చి రాశాడు. మా అమ్మ ఆ రెండు జట్లలోనూ లేదు. ఆమె తాగదు, తాగనివ్వమనీ అడగదు. మగవాడు బయట కూర్చుని వేడివేడిగా తింటుంటే నేనెందుకు సంకటి గెలకాలి అని అడిగింది. ముప్పై ఏళ్లకి పైగా ఎవరూ ఆ ప్రశ్న ఆమె దగ్గర్నుంచి తీసుకోలేదు. నేను కూడా దెబ్బల గురించే అడిగాను, తిండి గురించి ఎవరు అడుగుతారు?

'మన సంస్కృతి' అన్నదాని మీద ఒక ముక్క. నల్లగొండ నుంచి వచ్చిన మా సహోద్యోగి ఈ కథంతా విని నవ్వింది. వాళ్ల ఊళ్లో చెట్టు కింద కూర్చుని అమ్మమ్మలు, మేనత్తలు కల్లు తాగడం ఆమెకి చిన్నప్పటి మామూలు దృశ్యం. పండక్కి పెద్దల ముందు కల్లు పెడతారు. 'తెలుగింటి ఆడపడుచు ఆ వాసన పడదు' అన్న తెలుగింట్లో వాళ్ల ఇల్లు ఎప్పుడూ లేదు. ఆ తెలుగిల్లు కొన్ని కులాలది, కొన్ని జిల్లాలది. ఫ్యామిలీ సెక్షన్ కర్టెన్ కుట్టింది ఆ ఇంట్లోనే.

ఇక తిరుగుడు అర్థం దగ్గరికొస్తాను. మే నెలలో అమ్మ కళ్లు చూపించడానికి నెల్లూరు వెళ్లాం. నేను, అమ్మ, మరదలు. అద్దె కారు. తిరిగి కావలి చేరేసరికి మధ్యాహ్నం మూడు. కళ్లలో మందు వేసినందుకు అమ్మకి వెలుతురు ఓర్వలేకుండా ఉంది. భోజనం హోటళ్లలో అన్నం అయిపోయింది. ఇంటికి పోతే మరదలు వండాలి. ఎవరూ ఎవర్నీ అడగలేదు, కారు బారు ముందు ఆగింది.

ఆ సందులోంచి మేమే నడిచి పైకెళ్లాం. గూళ్లన్నీ ఖాళీ. కుర్రాడు మా వెనక చూశాడు. "ఫ్యామిలీ రాలేదా మేడమ్?" అన్నాడు.

నాకు వెంటనే అర్థం కాలేదు. ఇన్నాళ్లూ ఫ్యామిలీ అంటే మేమే. ఇప్పుడు మేం ముగ్గురం నిలబడి ఉంటే ఫ్యామిలీ రాలేదట. అంటే మగవాడు రాలేదని. లేడీస్ ఒక్కళ్లే అయితే పైకి పంపొద్దని ఓనరు చెప్పాడట. మేనేజరు వచ్చాడు, మర్యాదస్తుడే. "కింద తాగేవాళ్లు ఉంటారు, ఏదన్నా అయితే మా మీదకొస్తుంది. మీ సేఫ్టీ కోసమే మేడమ్. పార్సిల్ కట్టిస్తా" అన్నాడు. ఆ 'మీ సేఫ్టీ కోసమే' అన్నదానికి సుప్రీంకోర్టు 2007లోనే జవాబు చెప్పింది. మద్యం అమ్మే చోట ఆడవాళ్లు పని చెయ్యకూడదన్న పంజాబ్ ఎక్సైజ్ చట్టం, 1914 నాటి 30వ సెక్షన్‌ని అనుజ్ గర్గ్ కేసులో కొట్టేస్తూ, రక్షణ పేరుతో స్త్రీల స్వేచ్ఛని కత్తిరించడం రక్షణ కాదని, ఆ చోటుని భద్రంగా చెయ్యడమే ప్రభుత్వం పని అని చెప్పింది. మెట్ల మీద నిలబడి ఇదంతా మేనేజరుకి చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, "మీరు చెప్పింది కరెక్టే మేడమ్" అన్నాడు. కదల్లేదు.

అప్పుడు కుర్రాడికి ఒక ఉపాయం తట్టింది. "కింద కారు డ్రైవరున్నాడు గదా సార్. ఆ అన్నని పిలిస్తే సరిపోద్ది. జెంట్స్ ఒకరుంటే చాలు" అన్నాడు.

డ్రైవరుకి ఇరవై రెండేళ్లుంటాయి. ఆ రోజు పొద్దునే మాకు పరిచయం. నాకైతే వెనక్కి తిరిగి వెళ్లిపోవాలని ఉంది. అమ్మ అప్పటికే గూట్లో కూర్చుని చీర కొంగు కళ్లకి అడ్డం పెట్టుకుంది. "పిలువు మే. ఆ పిల్లోడు కూడా పొద్దున్నుంచి ఏం తిన్నాడో ఏమో" అంది. వాడు వచ్చి కుర్చీ చివర కూర్చున్నాడు. వాడు కూర్చోగానే మేం ఫ్యామిలీ అయ్యాం. కుర్రాడు కర్టెన్ లాగి, కార్డు మామూలుగా, మొదటి పేజీతో, డ్రైవరు చేతికిచ్చాడు. వాడు భయపడి నాకిచ్చేశాడు.

అమ్మ వాడికి కొసరి కొసరి బిర్యానీ వేయించింది. మీ అమ్మ ఏం చేస్తుంది, అక్కకి పెళ్లయిందా, తాగుతావా అని వరసగా అడిగింది. మూడోదానికి వాడు తల వంచుకున్నాడు. "తాగితే తాగినావుగానీ తినేది మాత్రం ఇంటికి తీసకపో" అంది. బిల్లు అమ్మే కట్టింది, బొడ్లో సంచీలోంచి తీసి, నోట్లు నన్ను చదవమని. రొయ్యలు ఒక ప్లేటు పార్సిల్ చెప్పించింది.

ఆ పార్సిల్ ఆ సాయంత్రం ఊరికి పోయింది. మా ఎదురింట్లో ఒక పెద్దామె ఉంది, అమ్మకన్నా నాలుగేళ్లు పెద్దది. 1992లో ఇద్దరూ ఒకే చాప మీద సారా కొట్టు ముందు పడుకున్నారు. ఆమెకి ఇప్పుడు పళ్లు సగం లేవు. అమ్మ డబ్బా విప్పి ఆమె ముందు పెట్టింది.

"ఏడదమ్మే ఇది?"

"బారుది."

ఆమె ఒకటి తీసుకుని పక్క దవడకేసి నమిలింది. ఇంకోటి తీసుకుంది. ఎంత పడిందని అడిగింది. అమ్మ చెప్పింది. ఆ డబ్బుతో జువ్వలదిన్నెలో పడవ దగ్గర కొంటే కేజీ పైనే వస్తాయని, వీటిల్లో ఉప్పు ఎక్కువయిందని, మళ్లీ ఎప్పుడైనా పోతే చెప్పమని అంది.